ఇంట్లో కారు కట్టడానికి నాకు పట్టిన 1,312 గంటలు

2021 దసరా నాడు పనిముట్లకు పూజ చేసి, షెడ్డు గోడకు ఒక కాగితం అతికించాను. దాని మీద ‘ఆరు నెలలు’ అని రాశాను. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది. కారు తన ఇంజనుతో తాను మొదటిసారి కదిలింది 2025 ఉగాది నాడు. మూడేళ్ళ అయిదు నెలల పైనే పట్టింది. తపాలా ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు, ఆదివారాలు కలిపి వారానికి ఏడెనిమిది గంటలు చేసిన పని ఇది. ప్రతి రోజూ ఎంతసేపు చేశానో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను కాబట్టి లెక్క చెప్పగలుగుతున్నాను: 1,312 గంటలు.

నల్గొండలో నన్ను ఎరిగినవాళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్ళు పట్టింది?’ అనే. జవాబు సరిగ్గా చెప్పాలంటే ముందు ఒక తేడా చెప్పాలి. కిట్ కారు అంటే విడిభాగాలన్నీ పెట్టెల్లో వస్తాయి, మనం బిగించుకుంటాం. బ్రిటన్‌లో లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు 1957లో వచ్చినప్పటి నుంచి ఇది పెద్ద అలవాటు. పూర్తి కారుగా కొంటే పడే కొనుగోలు పన్ను విడిభాగాలుగా కొంటే తప్పేది, అందుకే చాలామంది ఇంట్లో బిగించుకునేవారు. 1973లో ఆ కారు హక్కులు తీసుకున్న కేటర్‌హామ్ కంపెనీ ఇప్పటికీ కిట్లు అమ్ముతోంది. ఒక కిట్ బిగించడానికి సుమారు 80 నుంచి 100 గంటలు పడుతుందని చెబుతారు. అందులో ప్రతి రంధ్రం ముందే వేసి ఉంటుంది, ప్రతి బోల్టుకూ చోటు ఉంటుంది. నాకు అలాంటి పెట్టె లేదు. ఛాసిస్, అంటే కారు ఇనుప చట్రం, నేనే కట్టుకోవాలి, మిగతావన్నీ పాత కారు నుంచి తీయాలి. ఈ రెండు పనుల గంటలను ఒకే గాటన కట్టి చూడకూడదు.

ఇనుము కొనకముందే చట్టం సంగతి తెలుసుకున్నాను. మీరూ అదే చేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వాహనం నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కొత్తగా ఒక వాహనం కట్టి రోడ్డెక్కించాలంటే నమూనాను పుణేలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థకు పంపి ధ్రువపత్రం తేవాలి. ఒక్క కారు కట్టుకునే ఇంటివాడికి అది అందని పని. అందుకే నా కారు కనగల్ వైపు మా మామగారి బత్తాయి తోటలోనే తిరగాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. అక్కడికి ట్రాలీ మీదే తీసుకెళ్తాను. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రోడ్డు మీద నడపలేదు, నడపను.

విడిభాగాల కోసం 42,000 రూపాయలకు ఒక పాత మారుతి 800 కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. కార్బురేటర్ ఉన్న బండినే ఏరికోరి తీసుకున్నాను, కంప్యూటర్ పెట్టె, సెన్సార్ల గొడవ ఉండదు. ఆ కారు ఇక తిరగదు కాబట్టి సెక్షన్ 55 కింద రిజిస్ట్రేషన్ రద్దుకు కాగితాలు ఇచ్చాను. దీనికి 14 రోజుల గడువు ఉంది, మరిచిపోకండి. మారుతి 800లో ఇంజను, గేరుబాక్సు, ఇంజను తిప్పే చక్రాలు అన్నీ ముందు భాగంలోనే ఉంటాయి. ఆ మొత్తాన్ని తీసి సీట్ల వెనక పెడితే వెనక చక్రాలతో నడిచే కారవుతుంది. ముందు చక్రాల కోసం హైదరాబాద్ ఆటోనగర్‌లో మరో మారుతి ముందు భాగం తుక్కు ధరకు దొరికింది.

ఇక ఛాసిస్. నా గంటల్లో పెద్ద ముక్క ఇదే తినేసింది: 290. అందులో 110 గంటలు ఒకసారి చేసినదాన్ని కోసి మళ్ళీ చేయడానికే పోయాయి.

25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, 16 గేజీ మందంది తెచ్చాను. షెడ్డులో పది అడుగుల పొడవున ప్లైవుడ్ బల్ల కట్టి, దాని మీద గీతలు గీసి, పైపులు పేర్చి వెల్డింగ్ మొదలుపెట్టాను. ఎడమ వైపు అతుకులన్నీ ఒకే సాయంత్రం పూర్తిగా నింపేశాను. గేజీ పలుచన కాబట్టి రాడ్డు ఒక్క క్షణం ఎక్కువ ఆగితే చిల్లు పడుతుంది. చిల్లులు పడకుండా గీత నిండుగా వచ్చిందని ఆ రాత్రి సంబరపడ్డాను. మర్నాడు మూలకు మూల కొలిస్తే ఒక కర్ణం కంటే ఇంకొకటి 11 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. వెల్డింగ్ చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకుని తన వైపు లాగుతుంది. ఒకే పక్క నింపుతూ పోతే ఫ్రేము మొత్తం ఆ పక్కకు ఒరుగుతుంది.

మా నాన్న నలభై ఏళ్ళు తాపీ పని చేసిన మేస్త్రి. షెడ్డు గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వచ్చి, పారదర్శకంగా ఉండే పాత ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోశాడు. ఒక చివర నన్ను పట్టుకోమని, రెండో చివర తాను పట్టుకుని బల్ల నాలుగు మూలలూ చూశాడు. ఒక మూల ఆరు మిల్లీమీటర్లు కిందికి ఉంది.

“బల్లే మట్టంగా లేదు బిడ్డా. కడిగిన నీళ్ళు బయటికి పోవాలని ఈ నేలకు వాటం పెట్టింది నేనే. నీ బల్ల ఆ వాటం మీద నిలబడింది” అన్నాడు.

కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి బల్లను మట్టానికి తెచ్చాం. తర్వాత దారం కట్టి, మూడు, నాలుగు, అయిదు అడుగుల లెక్కతో మూలమట్టం పట్టాడు. పునాది ముగ్గు వేసేటప్పుడు చేసే పనే. ఆ రోజు నుంచి ప్రతి అతుకుకూ ముందు చుక్కలు మాత్రమే పెట్టి, ఎడమ ఒకటి, కుడి ఒకటి, ముందు ఒకటి, వెనక ఒకటిగా నింపుతూ వెళ్ళాను. ప్రతి నాలుగు అతుకులకూ నాన్న దారంతో కొలిచేవాడు. చివరికి తేడా రెండు మిల్లీమీటర్లకు వచ్చింది. కారు మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన భాగం ఇప్పటికీ ఆ ఫ్రేమే.

గంటల్లో ఎక్కని కాలం ఇంకోటి ఉంది, ఎదురుచూపు. మే నెలలో నల్గొండ ఎండకు రేకుల షెడ్డులో మధ్యాహ్నం అడుగుపెట్టలేం, తెల్లవారుజామున గ్రైండర్ పెడితే ఇరుగుపొరుగు నిద్ర చెడుతుంది. అందుకని వేసవి పొద్దున్నలు కొలతలకూ బిగింపులకూ, రాత్రి తొమ్మిదిలోపు వెల్డింగ్‌కూ పెట్టుకున్నాను. దానికంటే పెద్ద ఆలస్యం లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను) పనిది. ఇంజను లేని ముందు చక్రాల్లో కూడా బేరింగును బిగించి పట్టడానికి డ్రైవ్ షాఫ్ట్ (ఇంజను తిప్పుడును చక్రానికి చేర్చే కడ్డీ) చివరి ముక్క ఉండాలి. పాత షాఫ్టులు కోసి ఆ ముక్కలను నునుపు చేయించడానికి మిర్యాలగూడ వెళ్ళాను. అక్కడి లేత్ మేస్త్రులకు రైస్ మిల్లుల భాగాలు చేసే అనుభవం ఉంది, చేయి నిక్కచ్చిగా ఉంటుంది.

“సార్, కోతలు మొదలైనాయి. మిల్లు ఆగితే నేను ఆగలేను. ధాన్యం సద్దుమణిగాక రండి” అన్నాడు మేస్త్రి.

అది నవంబరు. ముక్కలు చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటింది. మరో పనికి ఏప్రిల్‌లో వెళ్తే మళ్ళీ యాసంగి ధాన్యం. మన జిల్లాలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే లేత్ పనులన్నీ ఒకే జాబితాగా రాసుకుని ఆగస్టులోపు ఇచ్చేయండి. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఏడు నెలలు మిగిలేవి.

బ్రేకుల పని 95 గంటలు. గొట్టాలు వంచడం, బిగించడం సులువుగానే అయింది. బ్రేకు ఆయిల్‌లో చిక్కిన గాలి తీయడం దగ్గర ఆగిపోయాను. మూడు ఆదివారాలు మా అమ్మాయి పెడల్ మీద కూర్చుంది. ‘తొక్కు’ అంటే తొక్కింది, ‘పట్టుకో’ అంటే పట్టుకుంది, నేను చక్రం దగ్గర గాలి వదిలే నిప్పిల్ వదులు చేసి బిగించాను. రెండు డబ్బాల బ్రేకు ఆయిల్ అయిపోయినా పెడల్ మెత్తగా నేలకు దిగిపోతూనే ఉంది. మూడో ఆదివారం పాప దిగి వచ్చి, ముందు కుడి చక్రం దగ్గర వంగి చూసి, “నాన్నా, వెనక చక్రం నిప్పిల్ పైకి ఉంది, ఈ ముందు చక్రానిది కిందికి ఎందుకుంది?” అని అడిగింది. ముందు చక్రాల క్యాలిపర్లను (బ్రేకు పట్టే భాగాలను) ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించాను. నిప్పిల్ కింద ఉంటే గాలి పైన చిక్కుకుంటుంది, ఎన్నిసార్లు తొక్కినా బయటికి రాదు. మార్చి బిగించాక నలభై నిమిషాల్లో పెడల్ రాయిలా నిలబడింది. పాప పేరు నోటుపుస్తకంలో ఆ రోజు పేజీలో రాసి పెట్టాను.

వైరింగ్ 120 గంటలు, అల్యూమినియం రేకుతో బాడీ 260. రెండూ ఓపిక పనులే, చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు. వెనక ఉన్న ఇంజనుకు ముందున్న రేడియేటర్ నుంచి పొడవాటి గొట్టాలు వేసినప్పుడు మాత్రం నీళ్ళలో గాలి చిక్కి ఇంజను వేడెక్కేది. కారు ముక్కును రెండడుగులు పైకెత్తి నీళ్ళు పోస్తే సరిపోయింది.

ఉగాది ఉదయం తోటలో చెట్ల మీద పిందెలు గోళీకాయలంత ఉన్నాయి. రెండో గేరులో వరుసల మధ్య వెళ్తుంటే కారు వెనక భాగం చేప తోకలా అటూ ఇటూ ఊగింది. వెంటనే ఆపేశాను. ముందు భాగాన్ని వెనకకు తెచ్చినప్పుడు స్టీరింగ్‌తో తిరిగే చక్రాలను కదలకుండా రాడ్లతో ఛాసిస్‌కు కట్టేయాలి. కట్టాను, కానీ చక్రాల ముందు అంచులు ఆరు మిల్లీమీటర్లు బయటికి విచ్చుకుని ఉన్నాయి. చక్రాల పక్కన దారం లాగి కొలిచి, రాడ్ల మరలు తిప్పి రెండు మిల్లీమీటర్లు లోపలికి తెచ్చాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత మళ్ళీ తీస్తే, గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. పక్క సీట్లో నాన్న కూర్చున్నాడు. రెండు చేతులతో ఫ్రేము పైపు పట్టుకుని, చివరి వరుస దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. మలుపు తిరిగాక “ఇంకోసారి పోదాం” అన్నాడు.

మొత్తం ఖర్చు 2,68,000 రూపాయలు అయింది, పనిముట్లు కాక. కాటా మీద బరువు 510 కిలోలు తూగింది. ఇప్పటికి తోటలో 140 కిలోమీటర్ల దాకా తిరిగింది. ప్రతి నెలా కింద పడుకుని టార్చి వేసి అతుకులన్నీ ఒక్కొక్కటిగా చూస్తాను. మొన్న వెనక సస్పెన్షన్ పట్టీ దగ్గర వెంట్రుకంత పగులు కనబడింది. గ్రైండ్ చేసి, మళ్ళీ నింపి, పక్కన మూడు మూలల రేకు ముక్క ఒకటి ఆసరాగా వేశాను. నాలుగు గంటలు పట్టింది. నోటుపుస్తకంలో ఇప్పుడు 1,316.