నైట్రో విమానానికి పెట్రోల్ ఇంజిన్: ట్యాంకు నుంచి మొదలుపెట్టండి

0.90 నుంచి 1.20 ఘనపు అంగుళాల నైట్రో ఇంజిన్‌తో (ప్రధానంగా మిథనాల్ ఉండే ఇంధనంతో నడిచేది) ఎగిరే రేడియో కంట్రోల్ మోడల్ విమానానికి 20 సీసీ పెట్రోల్ ఇంజిన్ బాగా సరిపోతుంది. అంతకంటే చిన్న విమానాలకు నేనైతే సిఫారసు చేయను. ప్లగ్‌కు స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ మాడ్యూల్, దాని బ్యాటరీ బరువు వాటికి భారమవుతుంది.

చాలామంది ఇంజిన్ బిగించి, పాత ట్యాంకు అలాగే ఉంచేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. నైట్రోకు వాడే సిలికాన్ ట్యూబు పెట్రోల్ తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడి నిపిల్ నుంచి జారిపోతుంది. ట్యాంకు మూతికి పెట్టే రబ్బరు స్టాపరు సంగతీ అంతే. ట్యాంకు బయట టైగాన్ ట్యూబు, పెట్రోల్‌కు తట్టుకునే స్టాపరు పెట్టాలి. లోపల క్లంక్‌కు (ఇంధనం ఉన్న వైపు వాలుతూ దాన్ని పీల్చే, ట్యూబు చివరి బరువు ముక్క) మాత్రం మెత్తటి వైటాన్ ట్యూబు మంచిది. టైగాన్ కాలం గడిచేకొద్దీ బిర్రబిగుసుకుపోతుంది. అప్పుడు ముక్కు పైకెత్తినా, దించినా క్లంక్ ఇంధనం ఉన్న వైపు వాలదు, ఇంజిన్ గాలి పీల్చి ఆగిపోతుంది.

మఫ్లర్ నుంచి ట్యాంకుకు వచ్చే ప్రెషర్ లైన్ తీసేయండి. పెట్రోల్ ఇంజిన్‌కు ఉండే డయాఫ్రమ్ (పలుచని పొర) కార్బొరేటర్‌లో పంపు ఉంటుంది, క్రాంక్‌కేసు ఒత్తిడి హెచ్చుతగ్గులతో అదే ఇంధనం లాక్కుంటుంది. ట్యాంకులోకి గాలి వెళ్లే వెంట్ లైన్‌ను విమానం అడుగు నుంచి బయటికి తీస్తే చాలు. ట్యాంకు కూడా చిన్నదవుతుంది. మిథనాల్ మండడానికి ఒక పాలుకు సుమారు ఆరున్నర పాళ్ల గాలి చాలు, పెట్రోల్‌కు 14.7 పాళ్లు కావాలి. అందుకే పెట్రోల్ ఖర్చు సగానికి పడిపోతుంది. 20 సీసీకి 250 నుంచి 300 మి.లీ. ట్యాంకు సరిపోతుంది.

మిశ్రమం 30:1 అయితే లీటరు పెట్రోల్‌కు 33 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీలుస్తుంది, కార్బొరేటర్ డయాఫ్రమ్‌ను గట్టిపరుస్తుంది. కాబట్టి ఎగరేయడం అయ్యాక మిగిలిన ఇంధనం తోడేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి. కలిపి నెలల తరబడి నిల్వ ఉంచొద్దు.

ఇగ్నిషన్ నుంచి వచ్చే విద్యుత్ రొద రిసీవర్‌ను ఇబ్బంది పెడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఈ బెడద తగ్గినా పూర్తిగా పోలేదు. మాడ్యూల్‌ను, దాని బ్యాటరీని, స్విచ్‌ను రిసీవర్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. థ్రాటిల్ పుష్‌రాడ్ లోహానిది అయితే ఆ రొదను సర్వో (థ్రాటిల్‌ను కదిపే చిన్న మోటారు) దాకా మోసుకుపోతుంది, నైలాన్‌ది వేయండి. ట్రాన్స్‌మిటర్ నుంచి ఇగ్నిషన్ ఆపే కిల్ స్విచ్ తప్పనిసరి. పెట్రోల్ ఇంజిన్‌ను థ్రాటిల్ మూసి ఆపగలమన్న భరోసా లేదు.

నైట్రోకు వాడిన నైలాన్ మౌంట్ ఈ వణుకుకు ఆగదు. అల్యూమినియం స్టాండాఫ్‌లు (ఇంజిన్‌ను ఎడంగా నిలిపే కడ్డీలు) వేసి, ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే ముందు పలక) వెనక మూలల్లో త్రికోణపు కర్ర అతికించి, పైన పలుచగా ఎపాక్సీ పూయండి. ప్రతి బోల్టుకూ థ్రెడ్‌లాక్ ఉండాలి. ముక్కు బరువెక్కుతుంది గనుక రిసీవర్ బ్యాటరీని వెనక్కి జరిపి సీజీ (గురుత్వ కేంద్రం) సరిచూసుకోండి. ప్రొపెల్లర్ 16x8 తో (వ్యాసం, పిచ్ అంగుళాల్లో) మొదలుపెట్టొచ్చు.

కార్బొరేటర్‌లో ఇంధనాన్ని సర్దే రెండు నీడిల్స్‌నూ (ఎక్కువ వేగానికి హై, తక్కువ వేగానికి లో) ఒకటిన్నర చుట్టు తెరిచి, చోక్ మూసి, ఒక్కసారి టపుక్కుమనేదాకా ప్రొపెల్లర్ తిప్పండి. ఆ తర్వాత చోక్ తెరిచి స్టార్ట్ చేయండి. ఇంజిన్ వేడెక్కాక ఫుల్ థ్రాటిల్‌లో హై నీడిల్ గరిష్ఠ వేగానికి తెచ్చి, అక్కణ్ణుంచి కొంచెం రిచ్ (ఇంధనం ఎక్కువ) చేయండి. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిచినప్పుడు ఇంజిన్ తడబడి ఆగిపోతే లో నీడిల్ లీన్‌గా (ఇంధనం తక్కువ) ఉందన్నమాట. పొగ కక్కుతూ బరువుగా లేస్తే రిచ్. నైట్రో నీడిల్‌లా క్లిక్కులు లెక్కపెట్టే పని ఇక్కడ కుదరదు, ఒక్కో సర్దుబాటు పదహారో వంతు చుట్టు మించొద్దు.

ఎగరేసే ముందు రేంజ్ చెక్ (ట్రాన్స్‌మిటర్ సంకేతం ఎంత దూరం అందుతుందో చూసే పరీక్ష) రెండుసార్లు చేయండి: ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఇంకోసారి. రెండోసారి దూరం తగ్గినా, సర్వోలు వణికినా విమానాన్ని నేల వదలనివ్వకండి. ప్లగ్ క్యాప్ కవచం, మాడ్యూల్ గ్రౌండ్ వైరు ముందుగా చూడండి.