నెమలికంఠం రంగు దగ్గర ఆపాలి

“మీ దగ్గర పని చేస్తే చాలంటారా?”

జర్మనీలో కత్తులకు పేరుమోసిన జోలింగెన్ ఊళ్లో, మీట ఎత్తితే బ్లేడు బయటికి దూకే పాత స్ప్రింగు చాకులు బాగుచేసే బల్ల దగ్గర, ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. మీ దేశంలో వస్తువు ఎలాగోలా పనిచేస్తే చాలనుకుంటారా అని దాని అర్థం. అనడానికి కారణం లేకపోలేదు. విరిగిన పట్టీ స్ప్రింగు తీసి కొత్తది వేసేటప్పుడు 1 మిల్లీమీటరు మందం ఉండాల్సిన చోట 1.2 మందం పట్టీ వేశాను. కాస్త దళసరిగా ఉంటే నాలుగు కాలాలు నిలుస్తుందనుకున్నాను. మీట ఎత్తగానే బ్లేడు ఠప్పున వచ్చి నిలబడింది. ఆయన చాకును చేతిలోకి కూడా తీసుకోలేదు. ఆ చప్పుడు విన్నాడు, ఆ మాట అన్నాడు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ “మీ దగ్గర” అన్న ముక్క మాత్రం అరికాల్లో ముల్లులా ఉండిపోయింది. ముందు తప్పు సంగతి చెప్పి, తర్వాత ఆ ముల్లు దగ్గరికి వస్తాను.

బటన్ చాకు అనగానే మనకు సినిమా రౌడీ గుర్తొస్తాడు. ఇక్కడి పాత మీట చాకు బతుకు వేరు. దుప్పికొమ్ము పిడి, అరచేతిలో ఇమిడే బ్లేడు, ఒక చెయ్యి ఖాళీ లేనప్పుడు రెండో చేత్తో తెరుచుకునే వీలు. వేటకు వెళ్లేవాళ్ల జేబు సామాను అది. 2024 అక్టోబరు చివర జర్మనీ చట్టం ఈ చాకుల మీద బాగా బిగిసింది. నిజమైన అవసరం చూపగలిగినవాళ్లకే, అదీ పక్క నుంచి తెరుచుకునే చిన్న బ్లేడుకే మినహాయింపు. అందుకే ఏ చాకైనా బల్ల ఎక్కేముందు అది ఎవరిదో, ఎందుకో తేల్చుకోవాలి. మీరు ఏ దేశంలో ఉన్నా సుత్తి పట్టుకునే ముందు అక్కడి చట్టం చూసుకోండి.

లోపల ఉండే సరంజామా తక్కువే. రెండు లోహపు రేకులు, వాటి మధ్య బ్లేడు, బ్లేడు మొదలును పట్టి ఉంచే ఇరుసు పిన్ను. పిడి వెన్ను వెంబడి పట్టీ స్ప్రింగు. దాని ఒక కొస పిన్నుతో బిగించి ఉంటుంది, రెండో కొస బ్లేడు మొదలు మీద ఆనుతుంది. పై రేకు మీద మీట, దాని కింద గడియ పిన్ను. ఆ పిన్ను బ్లేడు మొదట్లో ఉన్న బెజ్జంలోకి దిగి బ్లేడును పట్టుకుంటుంది. మూసినప్పుడు ఒక బెజ్జం, తెరిచినప్పుడు ఇంకో బెజ్జం. మీట ఎత్తితే పిన్ను లేస్తుంది, వంగి ఉన్న స్ప్రింగు బ్లేడును తన్నుతుంది. ఆ తన్ను దారి పొడుగునా ఉండదు. మొదట్లో ఒక తోపు తోసి వదిలేస్తుంది, మిగతా దూరం బ్లేడు ఆ ఊపులోనే వెళ్లి గడియలో పడాలి.

ఇది తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. బ్లేడు సగంలో ఆగిపోతుంటే చాలామంది స్ప్రింగు నీరసించిందంటారు. చాలాసార్లు స్ప్రింగు తప్పేం ఉండదు. ఏళ్ల తరబడి పోసిన నూనె బంకగా మారి ఇరుసు దగ్గర ఊపును మింగేస్తుంటుంది. లేదా ఎవరో ఇరుసు పిన్ను మరీ బిగించి కొట్టి ఉంటారు. బ్లేడు అటూ ఇటూ ఊగుతుంటే ఇరుసు వదులైనట్టు. తెరిచాక పైకీ కిందికీ కదులుతుంటే గడియ బెజ్జం కోలగా అరిగినట్టు. జేబులో దానంతట అదే తెరుచుకుంటుంటే పిన్ను కొస గుండ్రపడినట్టు. ఈ చివరిది వెంటనే చేయాల్సిన పని, రేపటికి వాయిదా వేసేది కాదు.

ఇప్పుడు ఆ 1.2 సంగతి. పట్టీ స్ప్రింగు బిగువు మందంతో సమానంగా పెరగదు, మందం ఘనంతో పెరుగుతుంది. 1 నుంచి 1.2కు వెళితే పెరిగింది ఐదో వంతే అనిపిస్తుంది, బిగువు మాత్రం 1.73 రెట్లవుతుంది. ఆ అదనపు బలం ఎక్కడికి పోతుంది? బ్లేడు తెరుచుకుని ఆగే చోట గడియ పిన్ను మీద, దాని బెజ్జం మీద, ఇరుసు రివిట్ మీద పడుతుంది. ప్రతి ఠప్పూ ఒక సుత్తి దెబ్బే. కొన్ని వందల దెబ్బలకు గుండ్రటి బెజ్జం కోలబడుతుంది. డెబ్బై ఎనభై ఏళ్లు నిలిచిన బ్లేడు మొదలుకు అలా గతి పట్టిస్తే దాన్ని మళ్లీ తెచ్చుకోలేం.

ఇంకో మాట కూడా ఉంది, నాకు అసలు కనువిప్పు అదే. దళసరి పట్టీ ఎక్కువ కాలం రాదు, ముందే విరుగుతుంది. వంపు ఎంతన్నది బ్లేడు మొదలు ఆకారమే నిర్ణయిస్తుంది, దాన్ని మనం మార్చలేం. ఒకే వంపు వంచినప్పుడు పట్టీ పైపొరలో పడే లాగుడు మందాన్ని బట్టి పెరుగుతుంది. మందం ఐదో వంతు పెరిగితే లాగుడూ ఐదో వంతు పెరుగుతుంది. సన్న పట్టీ హాయిగా భరించే వంపే దళసరి పట్టీకి నడుం విరిచే వంపు.

విప్పేటప్పుడు మొదటి నియమం, బ్లేడు తెరిచే ఉండాలి. మూసి ఉన్నప్పుడు స్ప్రింగు వంగి కాచుకుని ఉంటుంది. అలాంటప్పుడు పిన్ను కొడితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. కళ్లద్దాలు పెట్టుకోవాలి, బ్లేడుకు గుడ్డ టేపు నాలుగు చుట్లు చుట్టాలి. కొమ్ము పిడిని వేడికి దూరంగా ఉంచాలి, నీళ్లలో నానబెట్టకూడదు. వేడికి ముడుచుకుని పగులుతుంది, నీళ్లకు ఉబ్బి వంకర పోతుంది. రివిట్ తల నడిమధ్య గుర్తు కొట్టి, పిన్ను కంటే సన్నటి డ్రిల్లుతో తల మందం మేరకే తొలచాలి. తర్వాత బెజ్జం ఉన్న ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న దెబ్బలతో పిన్నును దించాలి. పెద్ద దెబ్బ కొడితే పిన్ను లోపలే ఉబ్బి రేకు బెజ్జాన్ని చెడగొడుతుంది.

కొత్త స్ప్రింగుకు విరిగిన స్ప్రింగే గురువు. రెండు ముక్కలూ కలిపి పెట్టి మొదట్లో, మధ్యలో, కొసన మందం కొలిచి రాసుకోవాలి. కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, అది పాతవాళ్ల తెలివి. అంతా ఒకే మందం ఉంటే వంపు మొత్తం మొదట్లోనే పడి అక్కడే విరుగుతుంది. సీ75 రకం స్ప్రింగు ఉక్కు, మెత్తబరిచినది తీసుకుని ఆకురాయితో ఆకారం తేవాలి. గరుకు కాగితం ఎప్పుడూ పొడుగు వెంబడే రుద్దాలి. అడ్డంగా పడిన ఒక్క గీత చాలు, రేపు బీట అక్కడే మొదలవుతుంది. అంచులు పదునుగా వదలకుండా కాస్త గుండ్రం చేయాలి.

తర్వాత నిప్పు. అయస్కాంతం అంటుకోని వేడి 770 డిగ్రీల దగ్గర వస్తుంది, దాన్ని దాటి ఇంకొంచెం ఎర్రబారాక, 820 దరిదాపుల్లో, గోరువెచ్చటి నూనెలో నిటారుగా దించాలి. అప్పుడది గాజులా ఉంటుంది, కింద పడితే ముక్కలే. తెల్లగా మెరిసేదాకా రుద్ది, సన్నటి సెగ మీద మళ్లీ నిదానంగా వేడి చేస్తే రంగులు ఎక్కడం మొదలవుతుంది. 220 దగ్గర ఎండుగడ్డి రంగు. 250కి బెల్లం రంగు. 280కి వంకాయ రంగు. 300కి ముదురు మెరుపు నీలం. ఇంకా పోనిస్తే వెలిసిన ఆకాశం, ఆ తర్వాత బూడిద. స్ప్రింగుకు కావాల్సింది ఆ మెరుపు నీలం. బెల్లం దగ్గర ఆపితే పుటుక్కుమంటుంది, బూడిద దాకా పోనిస్తే వంచిన చోటే ఉండిపోతుంది. రంగు ఉక్కు శుభ్రతను బట్టి, సెగ మీద ఉంచిన సేపును బట్టి కూడా మారుతుంది. వేలి జిడ్డు తగిలినా మోసం చేస్తుంది.

ఈ రంగుల దగ్గరే నాకు ఆ పెద్దాయన మాట మళ్లీ గుచ్చుకుంటుంది. మన కొలిమి దగ్గర కమ్మరి చేసేది ఇదే కదా! కొడవలికి ఒక పదును, గొడ్డలికి ఒక పదును, పారకు ఇంకొకటి. కొలిమిలోంచి తీసిన ఇనుము రంగు పగటి వెలుగులో సరిగా కనబడదని పాకను చీకటిగా ఉంచుకోవడం ఎవరు నేర్పారు? నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు వండేవారు. 1820లలో దాన్ని చూసి రాసిన వోయిసీ అనే వైద్యుడు, ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారని చెప్పాడు. పని చేస్తే చాలనుకునే ఊరికి అంత దూరం నుంచి ఎవరూ రారు. కదిలితే చాలనుకున్నది నా తొందర, నా ఊరి గుణం కాదు.

ఇక్కడివాళ్ల గొప్పతనం తక్కువని కాదు. జోలింగెన్‌లో సాన పట్టేవాడు వేరు, జేబు చాకు కూర్చేవాడు వేరు. కూర్చేవాణ్ని రైడర్ అంటారు. ఒక్కో పని ఒక్కో ఇంట్లో జరిగేది, ఆ ఇళ్ల మధ్య సరుకును ఆడవాళ్లు గంపలకెత్తుకుని తల మీద మోసేవారు. ఆ గంప ఆడవాళ్ల విగ్రహం ముందు నిలబడితే మన సంత దారి గుర్తొస్తుంది. తేడా ఒక్కటే, వాళ్లు దాన్ని విగ్రహం చేసి నిలబెట్టుకున్నారు, ఊళ్లోని గ్రేఫ్రాట్ పేటలో కత్తులకే ఒక మ్యూజియం పెట్టుకున్నారు, ఊరి పేరును ఎవరుబడితే వాళ్లు వాడకుండా 1938లోనే చట్టం తెచ్చుకున్నారు. మన కొలిమి చల్లారిపోయింది, దాని మీద ఒక్క పలకైనా లేకుండా. నాకు కోపం వచ్చేది నిజానికి దాని మీదేనేమో.

కూర్పుకు వద్దాం. స్ప్రింగును చాకులో వేసేముందు, బిగించి పట్టే వైసులో పట్టి, పని వంపు కంటే కొంచెం ఎక్కువే మూడుసార్లు వంచి వదలాలి. విరిగితే సెగ చాలలేదు, తిరిగి రాకపోతే సెగ ఎక్కువైంది. రెండిట్లో ఏది జరిగినా ఇక్కడే జరగనివ్వాలి. పిన్నులను మొదట రివిట్ కొట్టకుండా వదులుగా దూర్చి, ముప్పైసార్లయినా తెరిచి మూసి చూడాలి. ఇరుసు రివిట్ కొట్టేటప్పుడు బ్లేడు మొదలుకీ రేకుకీ మధ్య 0.05 మిల్లీమీటరు ఇత్తడి రేకును గుర్రపునాడాలా కోసి పెట్టాలి. సుత్తి వంద గ్రాములు మించకూడదు, దెబ్బలు తల చుట్టూ తిరుగుతూ పడాలి. పని అయ్యాక రేకు లాగేస్తే బ్లేడుకు అంత మాత్రం ఊపిరి మిగులుతుంది.

గడియ బెజ్జం అరిగితే దాన్ని ఆకురాయితో సరిచేయాలనే బుద్ధి పుడుతుంది. వద్దు. పిన్నే కొత్తది చేసి, బెజ్జానికి తగ్గట్టు ఒక వెంట్రుక లావు ఉంచి, కొస రుద్దుకుంటూ కుదర్చాలి. పిన్ను పోతే ఇంకోటి చేసుకోవచ్చు, బ్లేడు పోతే చాకు పోయినట్టే.

నూనె ఒక్క చుక్క, ఇరుసు దగ్గర మాత్రమే. కుట్టు మిషన్ నూనె బాగుంటుంది. నువ్వుల నూనె, ఆముదం బంక కడతాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ఈ దేశపు చలికాలంలో జేబులోని చాకు పని అంతే.

చివరగా విరిగిన పాత స్ప్రింగు ముక్కలను పారేయకూడదు. కాగితంలో చుట్టి చాకుతోపాటే ఇచ్చేస్తాం. ఆ కాగితం మీద కొత్త పట్టీ మందం మూడు చోట్లా రాయాలి, సెగ ఆపిన రంగు రాయాలి. రేపు మళ్లీ విప్పేవాడికి అదే దారి. ఆ మెరుపు నీలం రంగును ఇక్కడ కార్న్‌బ్లూమెన్‌బ్లౌ అంటారు, గోధుమ చేలల్లో పూసే ఒక నీలి పువ్వు పేరు. ఆ పువ్వు నాకు అలవాటైనది కాదు. జర్మన్ మాట రాసి, దాని కింద తెలుగులో ‘నెమలికంఠం’ అని రాస్తాను. పెద్దాయన ఆ అక్షరాలేమిటని ఒకసారి అడిగి, అర్థం చెప్పాక, వద్దనలేదు.