ఉగాండా మిషన్ ట్రిప్: నా రెండు పేర్లు, ఒక పసుపు కార్డు

నిన్ననే తిరుపతికి వచ్చినాను. పెట్టె ఇంకా విప్పలేదు, కానీ ఇది మాత్రం కోపం చల్లారకముందే రాసెయ్యాల. వచ్చే ఏడాది పోదామనుకునేవాళ్ళు మా సంఘంలోనే నలుగురున్నారు.

పాస్‌పోర్టు తేలిక. తిరుపతి సేవా కేంద్రంలో స్లాటు దొరికింది, 1,500 రూపాయలు కట్టినాం, పోలీసాయన వచ్చి చూసిపోయినాడు, పోస్టులో బుక్కు వచ్చింది.

తిప్పలన్నీ ఎల్లో ఫీవర్ (దోమలతో వచ్చే జ్వరం) టీకా దగ్గరే. ఉగాండా ఆన్‌లైన్ వీసాకి టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు స్కాను కూడా జతచెయ్యాల. అంటే ముందు టీకా, తర్వాతే వీసా. మేం చెన్నై పోయి వేయించుకున్నాం. ఊరికే బస్సెక్కి పోవద్దు, ఫోన్ చేసి పేర్లు రాయించుకునే పోండి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందుంటుంది, కలిపినాక కొన్ని గంటల్లోనే వాడెయ్యాల. అందుకే మనుషుల్ని పోగేసి ఒక రోజు పెట్టుకుంటారు. అసలు పాస్‌పోర్టు, దాని జిరాక్సు రెండూ తీసుకుపోండి. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, 60 దాటినవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాల. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకి వేసేది) లాంటి ఇంకో టీకా వేయించుకోవాల్సి ఉంటే రెండూ ఒకే రోజన్నా వేయించుకోవాల, లేదంటే మధ్యలో నాలుగు వారాలన్నా ఎడం ఉండాల. వేసిన పదోరోజు నుంచే కార్డు చెల్లుతుంది. పదేళ్ళకోసారి మళ్ళా వేయించుకోవాలని ఏజెంట్లు చెప్తారు, నమ్మొద్దు. 2016 జూలై నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

ఇప్పుడు అసలు కథ. మేం ఐదుగురం. పేర్ల లిస్టు మా టీం లీడరన్న రాసినాడు, అదీ సంఘంలో పిలుచుకునే పేర్లతో. బాప్తిస్మంలో నాకు పెట్టిన పేరు సామ్యూల్. టెన్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో నేను మునిరత్నం. టీకా కాడ గుమాస్తా లిస్టు చూసి పేరు, బుక్కు చూసి నంబరు రాసినాడు. నంబరు నాదే, పేరు సామ్యూల్. తిరుగు బస్సులో పుత్తూరు దాటినాక గానీ చూసుకోలేదు.

అప్పుడైనా వెనక్కి పోయుంటే సరిపోయేది. ఇంటికొచ్చి నీలం పెన్నుతో సామ్యూల్‌ని స్కేలు పెట్టి నీటుగా కొట్టేసి, పైన మునిరత్నం అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టినాను. అదే స్కాను చేసి పంపినాను. అప్లికేషన్ వెనక్కి తిరిగొచ్చింది. దిద్దినా, చెరిపినా, ఏదైనా ఖాళీ వదిలినా చెల్లకపోవచ్చని ఆ కార్డు మీదే అచ్చేసి ఉంది. చదివితే కదా!

మళ్ళా చెన్నై. కౌంటర్లో ఉన్నాయన నా కార్డుని రెండు వేళ్ళతో పట్టుకుని, క్యూలో ఉన్నోళ్ళందరికీ కనపడేలా ఎత్తి, "యార్ ఇదు? సామువేలా, మునిరత్నమా?" అన్నాడు. తర్వాత నాకర్థం కాదేమోనని తెలుగులోకి దిగి, "ఇదేమన్నా పరీక్ష పేపరా అయ్యా, కొట్టేసి రాసేదానికి?" అన్నాడు. తప్పు మొదట ఎవురిదో చెప్దామని నోరు తెరిచి, మా లీడరన్న రాసిన లిస్టు గుర్తొచ్చి మూసుకున్నాను. ఒక అర్జీ, పాత కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు తీసుకుని, రిజిస్టరులో నంబరు సరిచూసి కొత్త కార్డు రాసిచ్చినారు. రెండో సూది పొడవలేదు. మూడు గంటలు మాత్రం నిలబెట్టినారు.

ఉగాండా పాస్టరయ్య పంపిన ఆహ్వాన పత్రంలో కూడా బ్రదర్ సామ్యూల్ అనే ఉంది. అదీ మార్పించినాను. టికెట్టు, డాలర్ల రసీదు, అన్నీ పాస్‌పోర్టు పేరే. సంఘం పేరు దేవుడికి తెలుసు, కౌంటరుకి తెలియదు.

ఏజెంటు ఇంకో సలహా ఇచ్చినాడు: "టూరిజం అని పెట్టన్నా, చర్చి మాట ఎత్తొద్దు." జతచేసిన లెటర్లో బైబిలు తరగతులని రాసుంటే అప్లికేషన్‌లో సింహాలు చూడ్డానికని ఎట్లా రాస్తాం? సువార్తకి పోతా మొదటి కాగితంలోనే అబద్ధమా? ఏ రకం వీసా, ఏ పర్మిట్ కావాలో పిలిచినోళ్ళనే వాళ్ళ ఇమిగ్రేషన్‌లో అడిగి చెప్పమనండి. వీసా ఫీజు 50 డాలర్లు.

డాలర్లు తీసుకునేటప్పుడు నోటు మీది సంవత్సరం చూడండి. 2009కి ముందువి అక్కడ తీసుకోరు. చిన్న నోట్లకి రేటు తక్కువ, 50, 100 నోట్లే మేలు.

మలేరియాకి మాకు డాక్టరు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రాసినారు: పోయే ముందురోజు నుంచి రోజుకొకటి, తిరిగొచ్చినాక నాలుగు వారాలు. తిన్నాక, గ్లాసెడు నీళ్ళతో వేసుకోవాల, వెంటనే పడుకోకూడదు. లేదంటే గొంతులో మంట. ఎండకి ఒళ్ళు త్వరగా కమిలిపోతుంది కూడా. మాలో ఒకడు రాత్రి మంచం మీదే మింగి రెండు రోజులు కూడు తినలేకపోయినాడు.

కూటి గురించి మనకి దిగులక్కర్లేదు. వాళ్ళ పోషో అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంగటి. చెనిక్కాయల పులుసుతో పెడతారు. రాగిసంగటి తిని పెరిగినోడికి అది అత్తగారిల్లే. మా ఐదుగురిలో రెండు ముద్దలు అడిగింది నేనొక్కడినే. ప్లగ్గులు మాత్రం ఇంగ్లీషోళ్ళ చదరపు మూడు కాళ్ళవి, అడాప్టర్ కావాల. వాక్యం చెప్పేటప్పుడు పొట్టి మాటలు చెప్పి ఆగండి, తర్జుమా చేసే అన్న ఊపిరి తీసుకోవాల. 20 నిమిషాల ప్రసంగం 40 అవుతుంది.

మన మదనపల్లె ఆరోగ్యవరంలో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు 1915లో క్షయ ఆసుపత్రి పెట్టినాడు. ఆయన కాలంలో ఎన్ని కాగితాలు కావాల్సొచ్చినాయో అని ఉగాండాలో కూర్చుని అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కార్డు పెట్టెలో వెయ్యొద్దు, పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. మన విమానాశ్రయంలో ఇమిగ్రేషన్‌కంటే ముందే హెల్త్ డెస్క్‌లో అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. నా కార్డు చూసిన అమ్మాయి "మునిరత్నం" అని పేరు చదివి, ముద్ర కొట్టి ఇచ్చింది.