మూడు తరాలకీ ముగ్గురు ఋషులకీ మధ్య

నాన్న తద్దినం నాడు పంతులుగారు పేర్లు అడిగారు. తండ్రి, తాత, ముత్తాత. వసు, రుద్ర, ఆదిత్య రూపాలు. ముగ్గురి పేర్లూ చెప్పాను. ప్రవర అడిగితే ముగ్గురు ఋషుల పేర్లూ గడగడా చెప్పేశాను. ముత్తాత తండ్రి పేరు మాత్రం నాకు తెలియదు. ఆయనకీ ఆ ఋషులకీ మధ్య బతికినవాళ్లంతా ఎవరు? ఆ రోజు భోజనాల దగ్గర కూడా నాకు అదే ధ్యాస.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చిన ఊరు. అందుకే మా ఇంటి కాగితాల్లో పాతవి తెలుగులో, తర్వాతవి ఒడియాలో ఉంటాయి. మా ఇంటిపేరు ‘కొ’తో మొదలవుతుంది. ఒడియా రాతలో కొ, కో అనే తేడా లేదు. అందువల్ల నా సర్టిఫికెట్లో ఒకలా, పిల్లల సర్టిఫికెట్లలో ఇంకోలా పడి, ఒకే ఇంటివాళ్లం రెండు ఇంటిపేర్లవాళ్లమయ్యాం. అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాను. ఏ కాగితంలో పేరు ఎలా ఉంటే అలాగే, ఆ లిపిలోనే ముందు రాసుకోవాలి. సరిదిద్దేది ఏమైనా ఉంటే పక్క గడిలో రాయాలి.

పెదనాన్నగారింట్లో అటక మీద తాటాకు కట్ట ఒకటి ఉండేది. దింపి చూస్తే సన్నటి గీతలే తప్ప అక్షరాలు లేవు. గంటంతో గీసిన గాట్లలో మసి పోయింది, అంతే. ఇలాంటివి చూసే పెద్దాయన ఒకరు దీపం మసిని నూనెలో కలిపి, మెత్తటి గుడ్డతో ఆకు మీద మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచారు. నా కళ్ల ముందే పేర్లు ఒక్కొక్కటీ నల్లగా పైకి లేచాయి. మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే మాత్రం మీరే రుద్దకండి. ఆకు పెళుసైతే చేతిలోనే విరిగిపోతుంది.

ఆ ఆకుల్లో ఇంకో మూడు తరాలు దొరికాయి. మనవడికి తాత పేరు పెట్టే ఆచారం కదా, కూర్మయ్య, అప్పన్న, మళ్లీ కూర్మయ్య. ఏ కూర్మయ్య ఎవరో తెలియడానికి పేరు పక్కన అంకెలు వేశాను. ఒక ఆకు మీద ‘రాక్షస నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంది. అది అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1795 కావచ్చు, 1855 కావచ్చు. రెండూ రాసి ప్రశ్నార్థకం పెట్టాను.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. మన వంశం ఒడిశాను ఏలిన గజపతి రాజుల సేనాపతుల దాకా వెళ్తుందని పెదనాన్నగారు చిన్నప్పటి నుంచీ చెబుతారు. శాసనాలు చూద్దామనుకున్నాను. మా ఊళ్లో పంతులుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తిగారు పాత లిపి సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుడి శాసనాలు చదివారు. ఆ ఊరివాణ్ణై ఉండి నేను కనీసం అచ్చు పుస్తకమైనా తెరవకపోతే ఎలా? సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఐదో సంపుటంలో ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు రెండూ ఉన్నాయి.

తేదీలే నన్ను బాగా తిప్పలు పెట్టాయి. వాటిలో అంకెల బదులు మాటలు వాడతారు. ‘బాణ నంద రుద్ర’ అని ఉంటే 5, 9, 11. వెనక నుంచి చదవాలి, శకం 1195. దానికి 78 కలిపితే క్రీ.శ. 1273. పుష్యం, మాఘం లాంటి నెలలైతే చాలాసార్లు 79 కలపాల్సి వస్తుంది. గజపతుల అంకాలు, అంటే రాజు ఏలుబడి ఏళ్ల లెక్క, ఇంకా చిక్కు. వాటిలో 1 లేదు, 6 లేదు, 10 తప్ప ఆరుతోనూ సున్నాతోనూ ముగిసేవేవీ లెక్కలోకి రావు. కాబట్టి 19వ అంకం అంటే నిజానికి ఏలుబడిలో 16వ ఏడు.

శ్రీకూర్మం శాసనాల్లో ఒకచోట మా తాటాకుల్లోని కూర్మయ్య పేరే కనిపించింది. ఫలానావాడి కొడుకు, నాయకుడు, గుడిలో అఖండ దీపం పెట్టించాడు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ రాత్రే వంశవృక్షం యాప్‌లో ఆయన్ని చేర్చబోయాను. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలలేదు. మా ఇంటిపేరు కొట్టేశాను.

పొద్దున్న లేచి చూసుకుంటే నేను చేసింది తప్పని తెలిసింది. రాతి మీద ఆయనకు ఇంటిపేరు లేదు. ‘నాయకుడు’ ఆయన హోదా. మా వైపు నాయక్, పాత్ర, మహాపాత్ర, సేనాపతి ఇప్పుడు ఇంటిపేర్లే, ఒకప్పుడు అవి పదవులు. ఆ మాట చూసి ఆయన్ని ఒక ఇంటికి కట్టేయలేం. పేరు కలిసినంత మాత్రాన చుట్టమూ కాడు, కూర్మనాథుడి చుట్టుపక్కల ఆ పేరు ప్రతి వీధిలోనూ ఉంటుంది. మా నోటుపుస్తకంలో ఆయనకు వేరే పేజీ ఇచ్చాను. పేరు, తండ్రి పేరు, హోదా, శకం, సంపుటం, శాసనం సంఖ్య. ‘మనవాడని ఆధారం లేదు’ అని కింద రాశాను. ఆ మాట రాయడానికి మనసు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

చార్టు పట్టుకుని పెదనాన్నగారి దగ్గరికి వెళ్లాను. తాటాకు కూర్మయ్య పైన అంతా ఖాళీ. “గీత గీయలేదేంరా?” అన్నారు. “ఆధారం లేదు పెదనాన్నా” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలు చార్టు మీద కిందికి జరిపి, తన మామ్మ పేరు దగ్గర ఆపారు. ఆవిడ పుట్టింటి గడి కూడా ఖాళీయే.

“ఇది నాకు తెలుసు కదా, నన్నడగలేదేం? మామ్మ వాళ్లది టెక్కలి” అని ఇంటిపేరు చెప్పారు. ఆయన చెప్పిన ఉచ్చారణతోనే రాశాను. పక్కన ‘చెప్పినవారు పెదనాన్న’ అని, ఆనాటి తేదీ వేశాను.