కింగ్‌పిన్ పడిన చప్పుడు

"ఆపన్నా, ఆపు! ఎత్తుంది!"

మధ్యాహ్నం చెన్నై మాధవరం యార్డులో క్లీనర్ కుర్రాడి కేక. ట్రైలర్‌ని తగిలించుకోడానికి వెనక్కొస్తున్న లారీ బండి దానికి రెండడుగుల దూరంలో ఆగింది. నెల్లూరు డ్రైవరన్న దిగి, వంగి చూశాడు. బండి వెనక ఉండే, ట్రైలర్‌ని పట్టుకునే ఫిఫ్త్ వీల్ ప్లేటు కంటే ట్రైలర్ బాగా పైనుంది.

"ఇలాగే తోస్తే ట్రైలర్ కిందున్న కింగ్‌పిన్ను ప్లేటు మీదుగా జారి క్యాబిన్‌కి కొడతది తమ్ముడూ" అన్నాడు, అదేదో మామూలు విషయంలా. నాకేమో టెన్షన్.

కుర్రాడు ట్రైలర్ నిలబడే కాళ్ల హ్యాండిల్ తిప్పి దాన్ని దించాడు. ప్లేటు కిందికి దూరగానే ట్రైలర్ కొంచెం పైకి లేవాలట, అప్పుడే ఎత్తు సరిపోయినట్టు.

తర్వాత అద్దాలు. రెండు వైపులా ట్రైలర్ అంచులు సమానంగా కనిపించేదాకా ముందుకీ వెనక్కీ. రెండంగుళాల పిన్ను కోసం ఇంత తంతు! నా కారుకి కెమెరా ఉండి కూడా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ "వాంగ వాంగ" అనాల్సిందే.

ఖణేల్‌మంది. అయినా నమ్మలేదాయన. టార్చి పట్టుకుని కిందికి దూరాడు. ప్లేటులోని దవడలు పిన్నుని చుట్టూ పట్టాయా, ప్లేటుకీ ట్రైలర్‌కీ మధ్య సందుందా అని చూశాడు. గాలి పైపులు తగిలించి, ట్రైలర్ బ్రేకులు వేసే ఉంచి, ఫస్ట్ గేర్‌లో ఒక్క లాగు లాగాడు. కదల్లేదు.

అప్పుడు ట్రైలర్ కాళ్లు ఎత్తించి టీ అడిగాడు.