నా స్లైడ్లలో లేని ప్రశ్న

పెద్దవాళ్ళకి డబ్బు మోసాల గురించి నాలుగు ముక్కలు చెప్పమని మొదటిసారి నన్ను పిలిచినప్పుడు నలభై స్లైడ్లు తయారు చేసుకుని వెళ్ళాను. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి, ఫోన్లో ఎవరో అడిగితే స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోకండి... అన్నీ నిజాలే. పావుగంట గడిచేసరికి సగం మంది తలలు ఊపుతున్నారు, అది ఒప్పుకోవడమో కునుకో నాకర్థం కాలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ అడిగారు. "ఇవన్నీ సరేనమ్మా, నా ఏటీఎం కార్డు మా అబ్బాయి దగ్గరే ఉంటుంది, పిన్ను కూడా వాడికే తెలుసు. నా డబ్బు నాకు కావాలన్నా వాణ్ణే అడగాలి, ఎందుకని అడుగుతాడు. దీన్నేమంటారు?"

పక్కనున్న ఒకాయన "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా" అన్నారు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. వృద్ధులను బాధించడం అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నిర్వచనంలోనే అసలు మాట ఉంది: నమ్మకం ఉండాల్సిన సంబంధంలో జరిగే హాని. అరవై దాటినవాళ్ళలో దాదాపు ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకంగా దీన్ని ఎదుర్కొంటున్నారని ఆ సంస్థే అంటోంది. అందులో డబ్బుకు సంబంధించింది ఒక రకం. దీనికోసం ఐక్యరాజ్యసమితి జూన్ 15ని ప్రత్యేక దినంగా కూడా గుర్తించింది, 2011లో. నేనేమో ఎక్కడో కూర్చుని ఫోన్ చేసే ముక్కూమొహం తెలియని దొంగ మీదే నలభై స్లైడ్లు ఖర్చుపెట్టాను!

ఇక్కడ ఒక మాట. అమ్మానాన్నల బ్యాంకు పనులు చూసే పిల్లలందరూ దోచుకుంటున్నారని నేననడం లేదు, చాలామంది నిజంగా సాయమే చేస్తున్నారు. తేడా ఎక్కడుందని ఆలోచిస్తే నాకు రెండు ప్రశ్నలే తోచాయి. తన అకౌంట్లో ఎంతుందో, ఎక్కడికి పోయిందో ఆ పెద్దమనిషి అడిగిన వెంటనే చూడగలరా? వద్దు అంటే ఆ మాట చెల్లుతుందా? రెండింటికీ అవును అయితే టెన్షన్ లేదు. కాకపోతే మాత్రం దానికి ప్రేమ, బాధ్యత, ఇంకే పేరు పెట్టినా నేను నమ్మను. "ఎలాగూ రేపు నాకే కదా వచ్చేది" అనే మాట వినపడిందంటే ఇంకా జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఆ రేపు ఇంకా రాలేదు, ఈలోపు ఆ మనిషికి మందులు కావాలి, ఇల్లు గడవాలి.

రెండోసారి స్లైడ్లు లేవు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కాగితాల గురించి మాట్లాడుకున్నాం. చాలామందికి వీలునామా, గిఫ్ట్ డీడ్, పవర్ ఆఫ్ అటార్నీ మూడూ ఒకటే: పిల్లలు తెచ్చిన కాగితం మీద సంతకం. రూల్స్ దేశాన్ని బట్టి మారతాయి కానీ మూలం ఇది. వీలునామా మనం పోయాకే అమల్లోకి వస్తుంది, బుద్ధి స్థిమితంగా ఉన్నంతవరకు మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ రాస్తే ఆస్తి మనం బతికుండగానే చేయి దాటుతుంది, వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. పవర్ ఆఫ్ అటార్నీ అంటే మన బదులు సంతకం పెట్టే అధికారం, దాన్ని ఒక్క పనికే పరిమితం చేసి ఇవ్వొచ్చు. ఈ చివరి మాట విని ఒకాయన "ఒక్క పనికే ఇవ్వొచ్చా!" అని రెండుసార్లు అడిగారు, ఎందుకడిగారో నేను తిరిగి అడగలేదు. జాయింట్ అకౌంట్ కూడా అంతే, ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు అని రాసిస్తే రెండోవాళ్ళు మొత్తం తీసేసినా బ్యాంకు ఆపదు.

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు, దాని సంగతీ చెప్పాల్సి వచ్చింది. లెక్కలు చూసుకోవడం, బిల్లులు కట్టడం లాంటివి తడబడటం ఆ జబ్బులో చాలా ముందుగానే, ఒక్కోసారి డాక్టర్ పేరు పెట్టకముందే మొదలవుతుంది. అందుకే ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో తలకాయ బాగున్నప్పుడే తేల్చుకోవాలి.

ఆ రోజు అన్నిటికన్నా పనిచేసింది మాత్రం నేను చెప్పింది కాదు. రిటైరైన ఒకాయన తాను ఫోన్లో మోసపోయిన సంగతి నోరు విప్పి చెప్పారు. అవతలివాడు రెండే రెండు పట్టుకున్నాడట: ఇప్పుడే చేయాలి, ఎవరికీ చెప్పకూడదు. నాలుగు నెలలు ఇంట్లో చెప్పలేదాయన. "డబ్బు పోయిందని కాదమ్మా, తెలిస్తే నా ఫోన్ లాక్కుంటారని." ఈలోపు ఇంకొకడు ఫోన్ చేసి, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాను, ముందు ఫీజు కట్టండి అంటే అదీ కట్టారు. ఒకసారి మోసపోయినవాళ్ళ కోసం ఇలాంటివాళ్ళు కాచుకుని ఉంటారు. ఆయన చెప్పడం అయ్యాక ఇంకో ఇద్దరు మొదలుపెట్టారు. మొదటిరోజే బ్యాంకుకి చెప్పి ఉంటే కొంతైనా ఆగేదేమో, కానీ "అంత తెలివితక్కువగా ఎలా నమ్మావు నాన్నా" అనే ఇంట్లో ఎవరు చెప్తారు?

అందుకే మూడోసారి పిల్లల్ని పిలిచాం. వచ్చింది ఆరుగురు. ఫర్వాలేదు. బ్యాంకు కౌంటర్లో పనిచేసే ఒకమ్మాయి కూడా వచ్చింది. పెద్దవాళ్ళ బదులు పక్కనున్నవాళ్ళే అన్నిటికీ జవాబు చెప్తుంటే తను ఏదో సాకుతో ఆ పెద్దాయన్ని ఒక్క నిమిషం విడిగా పలకరిస్తుందట. ఇది ఎవరూ నేర్పలేదు, తనకే తోచింది. మేమేమో జంటలుగా కూర్చుని "ఆలోచించుకుని రేపు చెప్తాను" అని పైకి అనడం ప్రాక్టీసు చేశాం. నవ్వులాటలా ఉంది గానీ, మాట్లాడేవాళ్ళ మొహం మీద ఫోన్ పెట్టేయడం తప్పని జీవితమంతా అనుకున్నవాళ్ళకి ఆ ఒక్క వాక్యం గొంతు దాటి రావడమే కష్టం.

మొదటి రోజు ప్రశ్న అడిగిన ఆవిడ కిందటి నెల మళ్ళీ కనపడ్డారు. స్టేట్‌మెంట్ కావాలని అడిగారట. "నా మీద నమ్మకం లేదా అమ్మా" అన్నాడట కొడుకు. "నమ్మకం ఉందిరా, లెక్క చూడాలనిపించింది అన్నాను" అని చెప్పారు. వారం తర్వాత తెచ్చిచ్చాడట. కార్డు మాత్రం ఇంకా అతని దగ్గరే ఉంది.