పసుపు మాత్రలూ, నా కాలేయమూ

మోకాళ్ళ నొప్పుల మందులు నా కడుపులో మంట పుట్టిస్తున్నాయని తెలిసి, మా బావమరిది ఎంతో ఆప్యాయంగా తెచ్చి ఇచ్చిన పసుపు మాత్రలవి. ఒక్కో మాత్రలో పసుపుకు గుణమిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం 500 మిల్లీగ్రాములు, దానితోపాటు మిరియాల నుంచి తీసిన పైపరిన్ ఉన్నాయనీ, "పూర్తిగా ప్రకృతిసిద్ధం, దుష్ఫలితాలు లేవు" అనీ సీసా మీద రాసి ఉంది. దుగ్గిరాల పసుపు యార్డుకు దగ్గరలోనే పుట్టి పెరిగిన నాకు పసుపును అనుమానించవలసిన కారణం ఏముంటుంది? నొప్పులు కూడా నిజంగానే తగ్గాయి. రెండు నెలలు గడిచేసరికి మాత్రం అన్నం చూస్తే వికారం, ఒళ్ళంతా దురద మొదలై, కళ్ళు పచ్చబడ్డాయి.

ఆసుపత్రిలో చేసిన పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 18 దాటింది, కాలేయం దెబ్బతిన్నదని చెప్పే ఎస్‌జీపీటీ 1500కు పైన ఉంది, రెండూ ఉండవలసినదానికి ఎన్నో రెట్లు, కామెర్లు తెచ్చే వైరస్‌లేవీ నా రక్తంలో కనిపించలేదు. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు కాగితాలు చూసి, "మందు అలవాటు ఎన్నేళ్ళ నుంచి?" అని అడిగారు. అసలు అలవాటే లేదన్నాను. "అందరూ అలాగే అంటారు" అని, మంచం పక్కన నిలబడి ఉన్న మా అమ్మాయి వైపు చూసి నవ్వారు. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పి, చుక్క ముట్టకుండా బతికినవాణ్ణి కూతురి ముందు అబద్ధాలకోరుగా నిలబెట్టిన ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. బీపీ మాత్రలేం వాడుతున్నారని అడిగారే తప్ప, ఇంకేమైనా తీసుకుంటున్నారా అని ఆయన గానీ, ఆయన వెంట ఉన్నవారు గానీ అడగలేదు.

ఆ మర్నాటి రాత్రి నాకు మగతగా ఉంది. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 2.4కు చేరిందట. కాలేయం చెడి మెదడు మీద ప్రభావం పడిందేమో చూడడానికి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వచ్చి, "మాస్టారూ, రెండు చేతులూ ముందుకు చాపి, మణికట్టు దగ్గర పైకి వంచండి" అన్నాడు. చేతులు నిలవలేదు, ఉండుండి కిందికి జారిపోతున్నాయి. నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మంటే 93 అన్నాను, 86 అన్నాను, ఆ తరవాతి అంకె ఎంతకీ తట్టలేదు. నా బుద్ధి నన్ను విడిచిపోతున్నదని తెలియడం చావు కంటే భయంకరంగా అనిపించింది. తలుపు అవతల కాలేయ మార్పిడి మాట, రక్తం గ్రూపుల మాట వినిపించాయి. "నాదీ నాన్న గ్రూపే, నేనిస్తాను" అని మా అమ్మాయి అనడమూ వినిపించింది.

ఇంట్లో ఉన్న మందు సీసాలు, చూర్ణాలు, లేహ్యాలు అన్నీ పట్టుకు రమ్మని మా ఆవిడకు ఆ అర్ధరాత్రే చెప్పినవాడు ఆ కుర్ర డాక్టరే. పసుపు మాత్రల సీసా చూడగానే అవి ఆపించి, ఎన్-అసిటైల్ సిస్టీన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ మందు సీసా తెరిచినప్పుడు వచ్చిన గంధకపు వాసనను అంత మగతలోనూ గుర్తుపట్టాను, మా స్కూలు ల్యాబులో ఎరిగిన వాసనే. కాలేయం తనంతట తాను తయారు చేసుకునే యాంటీఆక్సిడెంట్, అంటే కణాలు దెబ్బతినకుండా కాపాడే పదార్థం, గ్లూటథయోన్. అది తరిగిపోయినప్పుడు మళ్ళీ నింపుకోవడానికి ఈ మందు తోడ్పడుతుంది. ఆ అబ్బాయి నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి.

కర్క్యుమిన్‌కు యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నమాట నిజమే, దానిని నేను కాదనను. అయితే పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం. నేను రోజూ వేసుకున్న రెండు మాత్రలు 30 గ్రాములకు పైగా పసుపుతో సమానం. మా ఇంట్లో వారం రోజుల వంటకైనా అంత పసుపు పట్టదు. పైగా పప్పులో, కూరలో తిన్న కర్క్యుమిన్‌ను పేగులు, కాలేయం ఎప్పటికప్పుడు మార్చి బయటికి పంపేస్తాయి. పైపరిన్ ఆ పనికే అడ్డుపడుతుంది. అది కలిపితే ఒంటికి అందే కర్క్యుమిన్ దాదాపు 20 రెట్లు పెరుగుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లోనే చూపించారు. అందరికీ హాని జరగకపోవచ్చు. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మందిని పరిశీలిస్తే, 7 గురిలో హెచ్‌ఎల్ఏ-బి 35:01 అనే జన్యురూపం కనిపించింది. అది తనలో ఉందో లేదో సీసా కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

నేను కోలుకుంటుండగా కళ్ళలో పసరు పోయిద్దామని ఒకరు, నేల ఉసిరి రసం తాగిద్దామని ఒకరు వచ్చారు. నోబెల్ గ్రహీత బ్లూంబెర్గ్ మద్రాసు వైద్యులతో కలిసి హెపటైటిస్-బి మీద నేల ఉసిరిని పరీక్షించి, 1988లో ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించిన సంగతి నిజమే గాని, తరవాతి పరీక్షల్లో అవి నిలబడలేదు. మా అమ్మాయి ఇద్దరికీ మర్యాదగానే వద్దని చెప్పింది.

బిలిరుబిన్ మామూలు స్థాయికి రావడానికి నెలలు పట్టింది. మొక్కు ప్రకారం మంగళగిరి వెళ్ళి పానకాలస్వామికి పానకం సమర్పించుకున్నాము. ఆయన దయ లేకపోతే ఆ రాత్రి డ్యూటీలో ఆ అబ్బాయే ఉండేవాడు కాదని మా ఆవిడ నమ్మకం, నాదీ అదే. మీరు వేసుకునేది ఆకు పసరైనా, పసుపు మాత్రైనా, డాక్టరు అడగకపోయినా చెప్పండి, వీలైతే సీసాతో సహా చూపించండి. ఇలాంటి హాని జరిగితే, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వారి 1800-180-3024 నంబరుకు రోగులే నేరుగా ఫోను చేసి చెప్పవచ్చు, నేను చెప్పాను. మాత్రల కంపెనీకి కూడా ఉత్తరం రాశాను. డబ్బు అడగలేదు, కళ్ళు పచ్చబడినా, మూత్రం రంగు ముదిరినా వెంటనే ఆపేయాలన్న ఒక్క వాక్యం సీసా మీద అచ్చువేయమన్నాను. జవాబు రాలేదు, మళ్ళీ రాస్తాను.